నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు

(పోయిన శుక్రవారం మన సంఘం మీటింగులో నేను మాట్లాడిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ల కోసం రాసి పంపమన్నారు. మాట్లాడినట్టే రాసినాను. తప్పులుంటే సర్దుకోండి.)



ప్రతి మీటింగులో అకామా గురించి, జీతాలు ఆపిన కంపెనీల గురించి, ఎండలో పని గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడాలని నిలబడినాను. ఆ మాట అనంగానే ముందు వరసలో ఇద్దరు తమ్ముళ్లు తల దించుకున్నారు. తప్పులేదు. నేను సైటు మీద నూరుమందిని అరిచి పని చేయించే మనిషిని. ఈ ఒక్క మాట నోటితో అనడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మాట అనలేకనే మా ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకున్నాం.

మాది రాజంపేట పక్కన పల్లె. 2015లో నా చెల్లెలికి 28 ఏళ్లు. పెద్దపాపకు ఎనిమిదేళ్లు, చిన్నోడు పాలు తాగే బిడ్డ. ఒక రోజు స్నానం చేస్తా ఉంటే ఎడమ రొమ్ములో, చంకకు దగ్గరగా, చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. బిడ్డకు పాలిస్తున్నాను కదా, పాలు గడ్డ కట్టినాయిలే అనుకుంది. మా అమ్మ కూడా అదే అనింది. వేడి కాపడం పెట్టింది, పసరు కట్టింది. ఊర్లో సూదులేసే ఆయన వారం రోజులకు మాత్రలిచ్చినాడు. బిడ్డ పాలు మానినాడు గానీ గడ్డ పోలేదు. చింతగింజ కాస్తా రేగుపండంత అయింది.

మా బావ అప్పుడు ఇక్కడే ఫర్వానియాలో డ్రైవరు. వీసాకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. చెప్తే భయపడి పని ఇడిసిపెట్టి వస్తాడని చెల్లెలు ఆయనకు చెప్పలేదు. మా ఇంటామెకు చెప్పింది. మా ఇంటామె నాకు ఫోను చేసింది. ఆ రోజు మాకు స్లాబు. కింద కాంక్రీటు బండ్లు వరసగా నిలబడి ఉండాయి, పంపు ఒకసారి ఆగిపోయింది, ఇంజనీరు పైనుంచి కేకలేస్తున్నాడు. నేను ఏమన్నానో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నొప్పి లేదు కదా? లేకుంటే ఏం కాదులే. సంక్రాంతికి నేను వస్తా కదా, అప్పుడు చూద్దాం." అది ఆగస్టు నెల.

సంక్రాంతికి లీవు దొరకలేదు. మార్చిలో పోయినాను. తిరుపతికి తీసుకుపోయినాం. సూదితో ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు, చంకలోకి కూడా పాకింది అన్నారు. ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టించినాం. ఒక ఏడాది మంచిగానే ఉండింది. జుట్టు మళ్లీ వచ్చింది. తర్వాత వెన్నుపూసకు, కాలేయానికి వచ్చింది. 2018లో సంక్రాంతి పోయిన పది రోజులకు చెల్లెలు పోయింది. 31 నిండలేదు.

ఆగస్టులో చూపించి ఉంటే బతికేదా అని నేను డాక్టరమ్మను అడిగినాను. ఆమె మంచి మనిషి, సూటిగా జవాబు చెప్పలేదు. గడ్డ చిన్నగా, చంకలోకి పోకముందు దొరికితే చాలామంది బతుకుతారు అని మాత్రం అనింది. నాకు అర్థమైంది.

ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. ఈ జబ్బు మొదట్లో ఎక్కువమందికి నొప్పి ఉండదంట. నొప్పి లేకపోవడం మంచి గుర్తు అని మనమంతా అనుకుంటాం, నేనూ అనుకున్నాను. సైటులో స్తంభానికి పగులొస్తే స్తంభం అరుస్తుందా? మనమే చూసుకోవాల. ఇరవై ఏళ్లుగా పగుళ్లు వెతికే పని చేస్తున్నోణ్ని, ఇంట్లో వాళ్లు పగులుందని చెప్తే ఏం కాదులే అన్నాను.

సరే, ఏం చూసుకోవాల్నో చెప్తాను. మన మేస్త్రీలు ప్లాస్టరు అయినాక కంటితో చూసి ఊరుకోరు కదా, అరచేయి పెట్టి గోడంతా తడిమి చూస్తారు. ఎక్కడ ఎత్తుంది, ఎక్కడ పల్లముంది చేతికి తెలుస్తుంది. ఇదీ అట్లాంటిదే. నెలసరి మొదలైన వారం పది రోజులకు, అంటే రొమ్ము మెత్తగా ఉండే రోజుల్లో, మూడు వేళ్లు చదునుగా పెట్టి, గుండ్రంగా తిప్పుకుంటా, రొమ్మంతా, పైన మెడ ఎముక దాకా, పక్కన చంక లోపలి దాకా తడిమి చూసుకోవాల. తర్వాత అద్దం ముందర నిలబడి చేతులెత్తి చూసుకోవాల. కొత్తగా గడ్డ తగిలితే, ఒక పక్క ఆకారం మారితే, చర్మం కమలా తొక్క మాదిరి గుంటలు పడితే, మొన లోపలికి లాక్కుపోతే, రక్తం మాదిరి కారితే, మానని పుండో ఎర్రదనమో ఉంటే చూపించుకోవాల. తన ఒళ్లు మామూలుగా ఎట్లుంటుందో తనకు తెలిసి ఉంటే, మారినప్పుడు తనకే తెలుస్తుంది. దానికి చదువు అక్కర్లేదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. వయసు పిల్లల్లో వచ్చే గడ్డలు ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. వేలితో తోస్తే జారిపోయే ఉత్త గడ్డలు చాలా ఉంటాయి. కానీ అది ఉత్త గడ్డా కాదా అని చెప్పాల్సింది డాక్టరు. మా అమ్మ కాదు, నేను కాదు, సూదులేసే ఆయన అసలే కాదు.

ఇంకొకటి. ఇప్పుడు ప్రభుత్వం తరఫున ఊర్లో ఆశా వర్కరు, ఏఎన్ఎం అమ్మ వచ్చి బీపీ, షుగరుతో పాటు రొమ్ము పరీక్ష కూడా చేపించుకోమంటారు. మంచి పని. కానీ అది 30 దాటినవాళ్లకు. నా చెల్లెలికి గడ్డ వచ్చినప్పుడు 28. ఆ వయసు వాళ్లు ఈ రోజు కూడా ఆ లెక్కలోకి రారు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. అమెరికా, ఇంగ్లండ్ ఆడవాళ్లతో పోల్చితే మన ఆడవాళ్లకు చిన్న వయసులోనే వస్తుందని డాక్టర్లు చెప్తారు. 30 లోపు వాళ్లకు వచ్చేది తక్కువే. కానీ వాళ్లను పిలిచి చూసేవాళ్లు ఎవరూ లేరు. వాళ్లకు వాళ్లే తెలుసుకోవాల. మా ఇంట్లో వాళ్లు పట్టుకున్నది ఈ పనినే.

చెల్లెలు పోయిన ఏడాదికి మా ఇంటామె పొదుపు సంఘం మీటింగులో మొదటిసారి లేచి మాట్లాడింది. అది పాడైంది. ఎవరో ఫోనుకు పంపిన ఫోటో ఒకటి చూపించింది, పుండు పడిన రొమ్ము. ఆడవాళ్లు చూడలేక కొంగు అడ్డం పెట్టుకుని లేచిపోయినారు. రెండోసారి ఫోటోలు లేవు. మా అమ్మ పోయింది. మా అమ్మకు అప్పుడు 62. చదువు రాదు. సంఘం ముందర కూర్చుని, "నా బిడ్డకు గడ్డ వస్తే నేనే కాపడం పెట్టినా, నేనే పసరు కట్టినా. ఆరు నెలలు నేనే పోగొట్టినా. మీరు మీ బిడ్డలకు ఆ పని చేయాకండి" అని చెప్పిందంట. అంతే మాట్లాడింది. ఆ రోజు ఒక్కరు కూడా లేచిపోలేదంట. మీటింగు అయిపోయినాక ఇద్దరు మా ఇంటికొచ్చి వాకిట్లో నిలబడినారంట, చెప్పలేక.

అమ్మ ఆ మాట అనిందని తెలిసి నేను ఇక్కడ రూములో రాత్రంతా నిద్రపోలేదు. ఆమె తప్పు ఆమె ఒప్పుకుంది. నేను ఫోనులో అన్న మాట ఎవరికీ చెప్పలేదు. చాన్నాళ్లు చెప్పలేదు. మా బావకు కూడా. ఈ రోజు ఆయన వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. ఆయనకు పోయిన ఏడాదే చెప్పినాను. ఏమీ అనలేదు. చాయ్ తెచ్చి ఇచ్చినాడు.

ఇప్పుడు చెల్లెలి కూతురు, నా మేనకోడలు, నర్సింగు చదువుతుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఇంటర్ కాలేజీ పిల్లలను పది పదిహేనుమందిని కూర్చోబెట్టి, గుడ్డతో కుట్టిన బొమ్మ మీద ఎట్లా తడిమి చూడాలో చూపిస్తుంది. ఆ బొమ్మలో లోపల ఒక బఠానీ గింజ పెట్టి కుట్టింది. ఎవరు ముందు కనుక్కుంటారో అని పిల్లలకు పందెం పెడుతుంది. తల్లిని పోగొట్టుకున్న పిల్ల నవ్వుకుంటా ఆ పని చేస్తుంటే చూసి మా ఇంటామె ఏడ్చిందంట.

ఇదంతా సాఫీగా జరిగిందనుకోవద్దు. నా కూతురికి సంబంధం చూస్తున్న రోజులు. రైల్వేకోడూరు వైపు వాళ్లు, మంచి కుటుంబం, అంతా అయిపోయింది, తాంబూలాలే మిగిలినాయి. అప్పుడు వాళ్ల పెద్దమనిషి ఫోను చేసి, "మీ ఇంట్లో ఆ జబ్బు ఉందంట కదా, మీ ఆడవాళ్లే ఊరూరా చెప్పుకుంటున్నారంట కదా" అన్నాడు. సంబంధం పోయింది. నేను ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి అరిచినాను. ఇక ఆపేయండి, సంఘం వద్దు, బొమ్మ వద్దు, మన ఇంటి సంగతి ఊర్లో పెట్టొద్దు అన్నాను. మా ఇంటామె ఫోను నా కూతురి చేతికిచ్చింది. "నాన్నా, దాచి పెళ్లి చేస్తే రేపు నాకే గడ్డ వస్తే నేను ఎవరికి చెప్పుకోవాల? అత్తలాగా నేనూ దాచిపెట్టుకోవాల్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండేళ్లు ఇంకో సంబంధం రాలేదు, అది కూడా చెప్పాల. తర్వాత వచ్చినవాళ్లకు మొదటి రోజే అంతా చెప్పినాం. ఆ అబ్బాయి తల్లి మా సంఘం మీటింగులో కూర్చున్న మనిషే.

జబ్బు వంశంలో వస్తుందా అని చాలామంది అడుగుతారు. నూటికి ఐదు నుంచి పదిమందికి మాత్రం వంశం నుంచి వస్తుందని చెప్తారు. అది తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. చిన్న వయసులో వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే మిగతా ఆడపిల్లలు ముందు నుంచే డాక్టరు దగ్గర చూపించుకుంటా ఉండాల. నా కూతురు, మేనకోడలు చూపించుకుంటున్నారు. ఎక్కువమందికి వంశంలో ఎవరికీ లేకుండానే వస్తుంది. కాబట్టి మా ఇంట్లో ఎవరికీ లేదు అని ఊరుకునే వీలు లేదు. అంటుకునే జబ్బు కాదు. పాపం వల్ల వచ్చేది కాదు. దెబ్బ తగిలి వచ్చేది కాదు. సూది పరీక్ష చేస్తే పాకుతుంది అనేది కూడా ఉత్తమాట, ఆ మాట విని పరీక్ష వద్దని ఇంటికి పోయినవాళ్లు ఉన్నారు. మగవాళ్లకు కూడా వస్తుంది, నూటికి ఒకరు అట్లా. నవ్వాకండి, మీరూ చూసుకోండి.

ఇట్లా ఇంట్లో మనిషికి క్యాన్సర్ వచ్చినాక ఇంటివాళ్లు నిలబడినది మేమొక్కరమే కాదు. మన రాయలసీమ వాళ్లు మద్రాసులో అడయార్ క్యాన్సర్ ఆస్పత్రికి పోతారు కదా. అది 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పెట్టినది. ఆమె చెల్లెలు క్యాన్సర్‌తో పోయింది, అది చూసినాకనే ఆమె ఆ పని మనసులో పెట్టుకుంది. హైదరాబాద్‌లో డాక్టర్ రఘురామ్ ఉన్నాడు. ఆయన తల్లి ఉషాలక్ష్మి గారికి, ఆమె కూడా డాక్టరే, రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆయన ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చి 2007లో తల్లి పేరు మీద ఫౌండేషన్ పెట్టి ఊర్లల్లో అవగాహన పని చేపిస్తున్నాడు. వాళ్లు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు. పని వదిలి ఇంటికి పోగలిగినారు. మనం పోలేం. మనకు ఉండేది ఫోను. ఆ ఫోనులోనే నేను తప్పు చేసినాను కాబట్టి దాని గురించి నాకు తెలుసు.

మా ఊర్లో ఇన్నేళ్లల్లో గడ్డ ఉందని మా ఇంటికి వచ్చి చెప్పినవాళ్లు ఏడుగురు. ఆరుగురికి ఉత్త గడ్డలే అని తేలింది, సంతోషంగా ఇంటికి పోయినారు. ఏడో ఆమెకు 26 ఏళ్లు. భర్త ఇక్కడే మహబూలాలో స్కాఫోల్డింగ్ పని. ఆమె చెప్పిన వారానికే స్కాన్ తీయించినారు. చిన్న వయసులో రొమ్ము గట్టిగా ఉంటుంది, మామోగ్రాంలో సరిగ్గా తెలియకపోవచ్చు, అందుకే ముందు అల్ట్రాసౌండ్ తీస్తారు. తర్వాత సూది పరీక్ష. క్యాన్సరే. కానీ చంకలోకి పోలేదు. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీసినారు, కీమో, కరెంటు ఇచ్చినారు. మూడేళ్లయింది. ఇప్పుడు టైలరింగ్ చేసుకుంటుంది. ఆమె భర్త ఆ వారంలో నాకు ఫోను చేసి, "అన్నా, నన్ను రమ్మంటావా, డబ్బు పంపమంటావా" అని అడిగినాడు. ముందు డబ్బు పంపు, సంతకాలకు మీ నాన్న పోతాడు, ఆపరేషన్‌కు నువ్వు పో అన్నాను. అట్లే చేసినాడు.

కాబట్టి మగవాళ్లకు నేను చెప్పేది ఇది. ఇంట్లో వాళ్లు మనకు చెప్పరు. మనం భయపడతామని, అప్పు ఉందని, ఖర్చు అవుతుందని చెప్పరు. మనమే అడగాల. భార్యను అడగడానికి సిగ్గు లేదు కదా. చెల్లెల్ని, కూతుర్ని అడగలేకపోతే భార్య ద్వారా అడిగించండి. గడ్డ ఉంది అంటే నొప్పి ఉందా అని అడగాకండి. "రేపు పో, డబ్బు ఇప్పుడే పంపుతున్నా" అని చెప్పండి. స్కాన్ ఖర్చు మనం నెలకు సిగరెట్లకు, ఫోను రీచార్జికి పెట్టేదానికంటే ఎక్కువ ఉండదు. పోయేది ఆడమనిషితో పొమ్మనండి, లేడీ డాక్టర్ని అడగమనండి.

పెద్ద ఖర్చుకు భయపడి ఆగొద్దు. కార్డు ఉన్నవాళ్లకు మన ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షల దాకా చేసినారు. మీ భార్య పేరు, కూతురి పేరు కార్డులో ఉందో లేదో ఈ వారమే చూపించుకోండి. అవసరం పడిన రోజు పేరు ఎక్కించడానికి తిరిగితే నెలలు పోతాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి. తిరుపతి స్విమ్స్ వాళ్లకు పింక్ బస్సు ఉంది, పల్లెలకు వచ్చి పరీక్ష చేస్తారు. అది వచ్చిన రోజు ఇంట్లో వాళ్లు పొలం పని ఒక పూట ఆపి పోయేటట్టు చెప్పండి.

ఇక ఇక్కడ ఇళ్లల్లో పని చేసే అక్కచెల్లెళ్లకు. మీలో చాలామంది వచ్చేటప్పుడు మెడికల్ పాసైనాం కదా అంటారు. ఆ ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లో టీబీ ఉందా అని చూసేది. రొమ్ములో గడ్డ దాంట్లో తేలదు. బాత్రూములో ఐదు నిమిషాలు మీవే, నెలకొకసారి చూసుకోండి. గడ్డ తగిలితే మేడానికి చెప్పండి. అరబ్బీ రాదని ఆగొద్దు. "మామా, ఫీ కుత్లా ఫీ సద్రీ, అనా లాజిం రూహ్ ముస్తౌసఫ్" అంటే చాలు, అర్థమవుతుంది. కుత్లా అంటే గడ్డ, సద్ర్ అంటే ఎద. దక్తూరా కావాల అంటే లేడీ డాక్టరును ఇస్తారు. సివిల్ ఐడి తీసుకుపోండి. మీ ఏరియా ముస్తౌసఫ్ నుంచి పెద్దాస్పత్రికి కాగితం రాసిస్తారు. అక్కడ నర్సులు చాలామంది మలయాళీలు, హిందీనో తమిళమో వస్తే మాట్లాడుకోవచ్చు. ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది, లేదని నేను చెప్పను. పంపేస్తారేమో కూడా. కానీ గడ్డ చిన్నగా ఉన్నప్పుడు ఇంటికి పోతే వైద్యం చేయించుకుని బతికే వీలు ఎక్కువ. మేడం ఆస్పత్రికి పంపకపోతే మన సంఘానికి చెప్పండి. ఎంబసీలో మాట్లాడేవాళ్లు మన దగ్గర ఉన్నారు.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఇదే హాల్లో ఒక నర్సమ్మ వస్తుంది. ఆడవాళ్లకు పక్క గదిలో, తలుపు వేసి చెప్తుంది. మా మేనకోడలు ఊరి నుంచి ఇంకో గుడ్డ బొమ్మ కుట్టి పంపించింది, మా బావ తెచ్చినాడు, అది కూడా అక్కడే ఉంటుంది. వచ్చేవాళ్లు గ్రూపులో పేరు పెట్టాల్సిన పని లేదు, సంఘం అక్కకు విడిగా ఒక మెసేజి పెట్టండి. రాలేనివాళ్లకు ఆమె ఫోనులో మాట్లాడుతుంది, రాత్రి పది తర్వాత అయినా సరే, మీ పని అయిపోయినాక.